అనౌన్సరమ్మ గొంతూ, ఆయనగారి నోరూ

అనౌన్సరమ్మకి ఆ పేరు బస్టాండులో వచ్చింది. ప్రయాణికుల హాలు పక్కన మెట్లెక్కి వెళ్తే ఒక అద్దాల గది ఉండేది. అందులో ఒక బల్ల, ఒక మైకు, గాలి కన్నా చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. గొంతు పెద్దదేం కాదు గానీ తొందరలేని గొంతు. ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చినవాళ్లు కూడా ఆ గొంతు వినపడగానే "ఇంకా టైముందిలే" అనుకుని సంచి కింద పెట్టేవాళ్లు. బస్సు ఆలస్యమని డిపో మేనేజరు చెప్తే జనం ఒంటికాలి మీద లేచేవాళ్లు. అదే మాట ఆవిడ మైకులో చెప్తే "పాపం, ఏం చేస్తారు" అని వెళ్లి టీ తాగేవాళ్లు.

ఆవిడని కట్టుకున్నాయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పెళ్లికి ముందు మిషన్ల సామాను తెచ్చుకోవడానికి వారం వారం ఆ బస్టాండుకి వచ్చేవాడు. సామాను చేతికందాక కూడా బెంచీ మీద కూర్చుని గంటల తరబడి మైకు వింటూ ఉండేవాడని పార్సిల్ ఆఫీసువాళ్లు కనిపెట్టి ఆవిడ చెవిన వేశారు. అలా మొదలైంది వాళ్ల కథ. ఇప్పుడు వాళ్లమ్మాయికి కూడా పెళ్లయి, నాలుగు వీధుల అవతల కాపురం ఉంటోంది.

తర్వాత బస్టాండులో కంప్యూటరు పెట్టారు. ఊళ్ల పేర్లు విడివిడిగా రికార్డు చేసిన ఎవరిదో గొంతు, ముక్కముక్కకీ మధ్య ఎక్కిళ్లు వచ్చినట్టు ఆగుతూ బస్సులు చెప్పడం మొదలెట్టింది. అనౌన్సరమ్మని సాగనంపారు. కొన్నాళ్లు ఇంట్లో దిగాలుగా ఉంది. కుక్కరు కూత పెడితే "దయచేసి వినండి" అనేది నవ్వుతూనే. ఆ నవ్వు ఎవరికీ నచ్చేది కాదు. ఆ టైములోనే ఒక డబ్బింగ్ స్టూడియోవాళ్లు ఆవిడ గొంతు గుర్తుపెట్టుకుని కబురు చేశారు. విదేశీ డాక్యుమెంటరీలు కొని, తెలుగు చేసి టీవీకి ఇచ్చే స్టూడియో అది. తిమింగలాలు, అగ్నిపర్వతాలు, సముద్రం మీద వంతెనలు. ఆవిడకి పండగే పండగ. రోజంతా తిమింగలాల గురించి చదివి వచ్చి, అన్నం వడ్డిస్తూ ఆయనకి చెప్పేది. ఆయన ఊ కొట్టేవాడు. ఆ ఊ కాసేపటికి గురకలోకి దిగేది.

ఆయనతో వచ్చిన చిక్కల్లా నోటితోనే. మాట మంచిదే, తిండి దగ్గరే పేచీ. ఆయన షాపుకి ఎదురుగా, సందు అవతల, ఒక వేపుళ్ల కొట్టుంది. వేయించిన చికెన్, ఫ్రైస్, బర్గర్లు, కూల్‌డ్రింకులు. కొట్టు బోర్డు మీద "కరకర" అని రాసి ఉంటుంది కాబట్టి దాన్ని నడిపే ఆవిడని వీధంతా కరకరమ్మ అనే పిలుస్తారు. ఆయన సాయంత్రం షట్టరు సగం దించి, చేతుల జిడ్డు కడుక్కుని, నేరుగా సందు దాటి కరకర బెంచీ మీద వాలిపోయేవాడు. ఇంటికి వచ్చి మళ్లీ మామూలుగా అన్నం తినేవాడు. ఆసుపత్రి డాక్టరమ్మ పరీక్షలు చేసి, షుగరు గడప దాకా వచ్చింది, లోపలికి రానివ్వకండి అని చెప్పింది. అనౌన్సరమ్మ ఆ మాట పట్టుకుని రోజూ పోరేది.

"ఏవండీ, ఆ వేపుళ్లు తగ్గించకూడదూ?"

"నూనె పొయ్యకపోతే మిషను తిరుగుతుందా? నన్నడుగు, చెప్తా."

"మిషన్‌కి చుక్క పోస్తారు. మీరు మిషన్నే తీసుకెళ్లి నూనెలో ముంచుతున్నారు."

ఆయన పకపకా నవ్వి, మర్నాడు మళ్లీ ముంచేవాడు.

అలా ఉండగా స్టూడియోకి ఫాస్ట్‌ఫుడ్ మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. తెర మీద పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, చెరువుల్లా నూనె తొట్లు, తెల్లకోటు ప్రొఫెసరు, రబ్బరుతో చేసిన రక్తనాళాన్ని కోసి చూపించే కత్తెర. వెనకాల గుండె కొట్టుకునే చప్పుడు. అనౌన్సరమ్మ హెడ్‌ఫోన్సు పెట్టుకుని చదవడం మొదలెట్టింది. "మీరు తినే ప్రతి ముద్దా విషమే. అది మిమ్మల్ని లోపల్నుంచి తింటోంది."

డైరెక్టరుగారు అద్దం అవతల నుంచి చెయ్యి ఊపాడు. "బాగుంది మేడమ్. ఇంకొంచెం భయం కావాలి. 'ప్రతి' దగ్గర సాగదీయండి."

"ప్ర...తీ ముద్దా," అంది ఆవిడ.

"అదీ! ఒళ్లు జలదరించింది," అంటూ ఆయన రెండో చేత్తో పట్టుకున్న బర్గరు కొరికాడు. మయొనేజు బొట్టు స్విచ్చుల మీద పడితే తుడుచుకుని, "కానివ్వండి" అన్నాడు.

చదువుతూనే ఆవిడ కొన్ని గమనించింది. ఒకే నూనె తొట్టిని మూడు వైపుల నుంచి చూపించి మూడు తొట్లలా లెక్కగట్టారు. వీధుల్లో నడిచే లావుపాటి మనుషుల్ని మెడ కింద నుంచే చూపించారు. పొట్టలు, తొడలు, చేతిలో పొట్లాలు. వాళ్లలో ఒక్కరినీ ఎవరూ ఏమీ అడగలేదు. మాట్లాడేవాళ్లందరూ సన్నగా ఉన్నారు. అది ఆవిడ మనసులో ముల్లులా గుచ్చుకుంది గానీ, చదవమన్నది చదవడమే కదా తన పని అనుకుని చదివేసింది.

రోజంతా నూనెలో వేగుతున్న బంగాళాదుంపల్ని దగ్గర్నుంచి చూసిన మనిషికి ఏమవుతుందో, ఆ డాక్యుమెంటరీ తీసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. బయటికి వచ్చేసరికి ఆవిడకి కడుపులో ఎలకలు పరుగెత్తుతున్నాయి, నోరు ఊరిపోతోంది. బస్సు దిగి తిన్నగా కరకర కొట్టుకి వెళ్లి ఫ్రైస్ అడిగింది. కరకరమ్మ ఆశ్చర్యంగా చూసింది. "అక్కా, నువ్వు? బావగారి కోసమా?"

"కాదు, నాకే. ఉప్పు కాస్త ఎక్కువ చల్లు."

వేడివేడిగా ఊదుకుంటూ తింటుంటే, విషం సంగతి తర్వాత, ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఆదివారం మధ్యాహ్నం డాక్యుమెంటరీ టీవీలో వచ్చింది. భోజనాలయ్యాయి. ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ, తిమింగలాలకి పట్టిన గతే దీనికీ పడుతుంది, ఇంకాసేపట్లో గురక వినపడుతుంది అనుకుంది. గురక రాలేదు. తొంగి చూస్తే ఆయన కుర్చీ అంచు మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. కత్తెర రబ్బరు నాళాన్ని కోసినప్పుడు ఆయన చెయ్యి దానంతట అదే ఛాతీ మీదికి వెళ్లింది.

అయిపోయాక ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఏమోయ్, విన్నావా? ఆవిడ చెప్పింది విన్నావా?"

"ఏ ఆవిడ?"

"అదే, టీవీలో. ఎంత వివరంగా చెప్పింది! ఇన్నాళ్లూ ఎవరైనా అలా చెప్పారా నాకు?"

అనౌన్సరమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "ఆ ఆవిడ నేనేనండీ."

"నువ్వేనని తెలుసులే," అన్నాడాయన చిరాగ్గా. "అయినా అది వేరు."

మర్నాటి నుంచి ఇంట్లో నూనె సీసా పై అరలోకి వెళ్లిపోయింది. కూరలన్నీ ఉడకేసి ఉప్పు తగ్గించి తినాలన్నాడు. బిస్కెట్ పొట్లం వెనక ఉన్న చీమ తలకాయంత అక్షరాలు చదవడానికి, మిషన్ల సూదులు చూసే భూతద్దం ఇంటికి తెచ్చాడు. షాపుకి మిషను తెచ్చినవాళ్లకి మిషను సంగతి చెప్పే ముందు రక్తనాళాల సంగతి చెప్పేవాడు. జాకెట్లు కుట్టుకునే ఒకామె, "దారం తెగడం గురించి అడిగితే నా గుండె ఆగడం గురించి చెప్తారేంటండీ" అని మిషను వెనక్కి పట్టుకెళ్లిపోయింది. కూతురు ఇంటికి వస్తే, కేకు తెచ్చిందని గుమ్మంలోనే క్లాసు పీకాడు. "అమ్మా, నాన్నని మళ్లీ మామూలుగా చెయ్యవా?" అంది ఆ పిల్ల చెవిలో. అనౌన్సరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా కోరుకున్నదే జరిగింది. జరిగాక చూస్తే ఇల్లంతా ఉడకేసిన సొరకాయలా చప్పబడి ఉంది.

వీధిలో కూడా సందడే. టీవీలో మన అనౌన్సరమ్మ గొంతు అని అందరూ చూశారు. కరకర ముందు జనం పలచబడ్డారు. ఒక సాయంత్రం కరకరమ్మే ఇంటికి వచ్చింది. మంచినీళ్లు ఇస్తే పుచ్చుకుని, తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

"అక్కా, పిల్లలు నా కొట్టు ముందు నిలబడి నీలా మాట్లాడుతున్నారు. 'ప్ర...తీ ముద్దా' అని దీర్ఘం తీసి మరీ. నిన్నటిదాకా నా చేతి వేపుళ్లు తిన్నవాళ్లే."

"ఏం చెయ్యనే? చదవమన్నది చదివాను."

"చదివినట్టు లేదక్కా. నమ్మి చెప్పినట్టుంది. అదే నా ఏడుపు. నేను నూనె మార్చకుండా మాడ్చి వాడతానా? నీకు తెలీదూ? చికెన్ ముందు రోజుది పెడతానా? నా కూతురికి పెట్టేదే అందరికీ పెడతాను."

"నీ కొట్టు గురించి కాదే అది."

"నాకు తెలుసు, నీకు తెలుసు. టీవీ చూసేవాళ్లకి ఎదురుగా కనపడే కొట్టు నాదొక్కటే."

అనౌన్సరమ్మ బస్టాండులో ఎన్నో ఏళ్లు మాట్లాడింది గానీ, తన మాట వల్ల ఎవరికైనా నష్టం వచ్చిందని ఒక్కరూ మెట్లెక్కి వచ్చి చెప్పలేదు.

వీధి భయం ఎక్కువ కాలం నిలవలేదు. ముందు పిల్లలు, తర్వాత పిల్లల్ని తిట్టడానికి వచ్చిన పెద్దవాళ్లు, ఒక్కొక్కరే మళ్లీ కరకర బెంచీ ఎక్కారు. నెల తిరిగేసరికి కొట్టు ముందు ఎప్పటి రద్దీయే. డాక్యుమెంటరీ చూసి మారినవాళ్లు ఆ వీధిలో ఎవరైనా మిగిలారంటే అది కుట్టుమిషన్ల ఆయన ఒక్కడే. ఆయన మాత్రం పట్టిన పట్టు విడవలేదు. ఎదురుగా నూనెలో చికెన్ చిటపటలాడుతుంటే, వీపు అటు తిప్పి కూర్చుని సూదులు సరిచేసుకునేవాడు.

దారి తప్పింది ఆవిడ. ఇంట్లో చప్పిడి కూడు తిని తిని, స్టూడియో నుంచి వచ్చేటప్పుడు కరకర దగ్గర ఆగడం అలవాటైపోయింది. ఆయన కంటపడకుండా కొట్టు వెనక వైపు, ఉల్లిపాయల బస్తాల పక్కన స్టూలు వేసుకుని తినేది. ఒక రోజు కరకరమ్మ మూకుడు పిడి ఊడితే బిగించడానికి ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చాడు. స్టూలు మీద ఆవిడ. ఒళ్లో బర్గరు. గడ్డం మీద సాసు.

కరకరమ్మ తనకేదో పనున్నట్టు ముందుకు జారుకుంది.

"నువ్వే కదా చెప్పావు," అన్నాడాయన. గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువుంది. "ప్రతి ముద్దా విషమని."

"చదివానండీ. చెప్పలేదు." ఆవిడ గడ్డం తుడుచుకుంది. "నేను చెప్పింది వేరు. రోజూ వద్దు, తగ్గించండి అని ఏళ్ల తరబడి చెప్పాను. దాన్ని చెవిన పెట్టారా మీరు? ఎవరో రాసింది చదివితే మాత్రం నమ్మేశారు. నాకెంత కడుపు మండిందో తెలుసా?"

ఆయన ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డాడు. స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పాడు.

"నిజం చెప్పనా? ఇంట్లో నువ్వు చెప్పేది మిక్సీ చప్పుడులో, గిన్నెల చప్పుడులో చెప్తావు. సగం నా మీద విసుగే వినపడుతుంది. నేను విసుగుకి జవాబు చెప్తాను, మాటకి కాదు. టీవీలో నువ్వు నెమ్మదిగా మాట్లాడావు. నన్ను తిడుతున్నట్టు లేదు. బస్టాండు గొంతు అది. ఆ గొంతు ఏ ప్లాట్‌ఫారమంటే ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాణ్ణి నేను. ఆ కత్తెరలు, తొట్లు చూసి భయపడ్డ మాట నిజమే గానీ, అవి మూడు రోజుల్లో మర్చిపోయా. నీ గొంతే చెవిలో ఉండిపోయింది."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగితే, ఉల్లిపాయల మీదికి నెట్టేసింది.

"ఇంతకీ," అన్నాడాయన బర్గరు వైపు చూస్తూ, "ఎలా ఉంది?"

"బాగుంది."

"సగం పెట్టు."

సగానికి ఇంకా తక్కువే పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని, నమిలి నమిలి తిన్నాడు. అంత నెమ్మదిగా ఆయన ఏదైనా తినడం ఆవిడ అదే మొదటిసారి చూడటం.

కొన్నాళ్లకి ఆ డాక్యుమెంటరీ రెండో భాగం వచ్చింది. ఇందులో తీసినవాళ్లు కాస్త తీరుబడిగా తిరిగినట్టున్నారు. ఒక లారీ డ్రైవరుతో మాట్లాడారు. భారీ మనిషి. ఈసారి మొహం చూపించారు. ఎందుకు రోజూ అదే తింటారు అంటే, "నేను బండి ఆపేచోట ఇంకేముంది?" అని ఎదురు ప్రశ్న వేశాడు. ఇంట్లో తన కూతురు చేసే సూపు గురించి చెప్పి సిగ్గుపడుతూ నవ్వాడు. అనౌన్సరమ్మ అక్కడ చదవడం ఆపి, ఆ ముక్క మళ్లీ వెయ్యమంది. బస్టాండులో ఇలాంటి డ్రైవర్లని ఎంతమందిని చూసింది! టిఫిను డబ్బా సీటు కింద పెట్టుకున్నవాళ్లు ఒకరిద్దరైతే, దొరికింది తిని స్టీరింగు పట్టుకున్నవాళ్లే మిగతా అందరూ. మొదటి భాగంలో అన్ని కత్తెరలు చెప్పలేనిది ఈ మనిషి ఒక్క ప్రశ్నతో చెప్పాడనిపించింది.

అంతా అయ్యాక, చివరి పేజీలో మళ్లీ అదే వాక్యం. ప్రతి ముద్దా విషమే.

"ఇది మార్చాలండీ," అంది.

డైరెక్టరుగారు హెడ్‌ఫోన్సు తీశాడు. "ఏం మార్చాలి మేడమ్?"

"'రోజూ ఇదే తింటే ఒంటికి చేటు' అందాం."

"అంత చప్పగా చెప్తే ఎవరు భయపడతారు?"

"ఆ భయం మా వీధిలో నెల కూడా నిలవలేదు. మీరు కూడా మొదటి భాగం చేస్తూ బర్గరు తిన్నారు. మీరే నమ్మనిది జనం నమ్మాలంటే ఎలాగండీ?"

ఆయన నీళ్లు నమిలాడు. విదేశంవాళ్లు ఒప్పుకోరన్నాడు. టీవీవాళ్లు గోల చేస్తారన్నాడు. ఆవిడ లేచి వెళ్లిపోతాననలేదు, గొంతు పెంచలేదు. మైకు ముందు కూర్చునే ఉంది. చివరికి ఆయన, "రెండు రకాలూ చదవండి, ఏది బాగుంటే అది వేద్దాం" అన్నాడు. ఆవిడ మొదటిది అప్పజెప్పినట్టు చదివేసింది. రెండోది, బస్టాండులో కింద హాల్లో సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లతో చెప్పినట్టు చెప్పింది. డైరెక్టరుగారు రెండూ విని, గడ్డం గోక్కుని, రెండోదానికి టిక్కు పెట్టాడు. "మొదటిది కావాలనే పాడుచేశారు కదూ?" అన్నాడు. ఆవిడ మంచినీళ్ల సీసా మూత తిప్పుకుంటూ వినపడనట్టు ఊరుకుంది.

రెండో భాగం చూసి వీధిలో ఎవరూ గుండె పట్టుకోలేదు. లారీ డ్రైవరు గురించి మాత్రం మాట్లాడుకున్నారు. కరకరమ్మ కూడా చూసింది. తన కూతురు అడిగిందని, కొట్టులో ఒక పక్క ఉడికించిన మొక్కజొన్న, పళ్ల ముక్కలు పెట్టి చూసింది. పళ్లు అమ్ముడుపోక ఇంటికి పట్టుకెళ్లేది. మొక్కజొన్న మాత్రం బాగానే పోయేది. "వెన్న రాయమంటున్నారక్కా, ఏం చెయ్యమంటావు?" అని అడిగితే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఇక ఇంటి సంగతి. నూనె సీసా పై అర నుంచి మధ్య అరకి దిగింది. కూరల్లో మళ్లీ కారం కనపడింది. భూతద్దం షాపుకి వెళ్లిపోయింది. కరకర బెంచీ మీద ఆదివారం సాయంత్రాలు మాత్రం ఇద్దరూ ఒక పొట్లం పెట్టుకుని కూర్చుంటారు. పోట్లాట ఎప్పుడూ చివరి ముక్క దగ్గరే. ఆయనకేదైనా చెప్పాలంటే ఆవిడ ఇప్పుడు మిక్సీ ఆపేసి, చెయ్యి తుడుచుకుని, ఎదురుగా వచ్చి కూర్చుని చెప్తుంది. ఆయన వింటాడు. విన్నదంతా చేస్తాడని కాదు. చెయ్యనప్పుడు ఎందుకు చెయ్యలేదో మాత్రం చెప్తాడు. ఆవిడకి అదే పదివేలు.

మొన్న డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. షుగరు గడప దగ్గర నుంచి కొంచెం వెనక్కి జరిగిందట, పూర్తిగా వెళ్లిపోలేదట. "ఏం చేశారు?" అని అడిగింది డాక్టరమ్మ. ఆయన గొంతు సవరించుకుని, ఉడకేసిన కూరలతో మొదలుపెట్టి చాలా పెద్ద కథ చెప్పబోయాడు. బయట వరండాలో ఇంకా బోలెడుమంది కూర్చుని ఉన్నారు. అనౌన్సరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని లేపింది. తిరిగి వస్తూ, బస్సెక్కకుండా నడుద్దామన్నాడాయన. ఎండ తగ్గింది, గాలి బాగుంది. దారి పొడుగునా ఆయన ఆ కథంతా ఆవిడకే చెప్పాడు. ఆవిడకి తెలిసిన కథే, అయినా మొదటిసారి విన్నట్టే విన్నది.